చిల్లుల అట్టు

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఓ కేఫ్ ఉంది. దాని అద్దాలు ఎంత పెద్దవంటే, లోపల కూర్చున్నవాడి ఆకలి రింగ్ రోడ్డు మీద పోయే లారీవాళ్లకు కూడా కనిపిస్తుంది. నిన్న అక్కడి మెనూలో చిల్లుల అట్టు బొమ్మ కింద ‘తెలంగాణ పాన్‌కేక్’ అని చూశాను. మా ఆవిడ ఉండి ఉంటే ఆ కేఫ్ పునాదులతో సహా లేచి నార్సింగి అవతల పడేది.

ఆవిడది పుప్పాలగూడ. మాది గోదావరి వైపు నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడ్డ కుటుంబం. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి, చల్లటి గిన్నెలో పలచగా అదిమి, వేలితో చిల్లులు పొడిచి, వాటిలో నూనె పోసి కాల్చేదాన్ని ఆవిడ గిన్నెప్ప అనేది. వాళ్ల చిన్నమ్మ సర్వపిండి అనేది. నేను చిల్లుల అట్టు అనేవాణ్ణి. ఆ పేరు మీద మా ఇంట్లో జరిగిన యుద్ధాల ముందు కురుక్షేత్రం పిల్లల కొట్లాట.

“ఏందయ్యా గా పేరు? అట్టంట! మీ దిబ్బరొట్టెను నేను దిండు అంటున్ననా?”

“రోజూ అంటూనే ఉన్నావు కదే!”

“మరి గది దిండే గదా. తల కింద పెట్టుకోని పండొచ్చు.”

ఓ ఉదయం గిన్నెలో పిండి అదిమి, చిల్లులు పొడుస్తూ ఛాతీ పట్టేసినట్టుంది అంది. ఆసుపత్రికి బయల్దేరుతూ కూడా గిన్నె మీద మూతపెట్టి ఫ్రిజ్‌లోకి తోసింది.

“వచ్చినంక కాలుస్త. ముట్టకు జర!”

రాలేదు.

దినాలు అయ్యేదాకా ఇంట్లో పొయ్యి వెలగలేదు. చుట్టాలు క్యారియర్లు తెచ్చారు. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లిన మా అత్తగారు ఆ గిన్నె బయటికి తీశారు. పిండి ఎండి బీటలిచ్చింది. చిల్లులు మాత్రం అలాగే ఉన్నాయి. ఒకదాంట్లో వేలు పెట్టి చూశారు.

“నా వేలు పడ్తలేదు బిడ్డా. దానియి సన్నటి వేళ్లు.”

నేను మూత గట్టు మీద పెట్టాను.

“ఖరాబైంది. పారేయాల్నా?”

“వద్దత్తయ్యా. కాల్చండి.”

“కాలిస్తే ఇగ ఉండదు గదా.”

“ఉంచినా ఉండదు కదండీ.”

ఒక్కో చిల్లులో నూనె పోసి, సన్నటి మంట మీద పెట్టారు. అడుగంటింది. పుల్లగా, రాయిలా ఉంది. దాంతో మా అపార్ట్‌మెంట్‌కు ఇంకో రెండంతస్తులు లేపొచ్చు. నమిలాను.

“ఇంకింత ఏయాల్నా?” అన్నారు.

“గిన్నెప్ప ఇంకో ముక్క వెయ్యండి” అన్నాను.

అత్తగారు నావైపు తిరగలేదు. చెంచాతో గిన్నె అడుగు గీకుతూనే ఉన్నారు.