ఆరు బరువు తూటాలు

మా నాయన ఇచ్చిన త్రాసు మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను. ఇందులో ఒక్క మాట కల్పించినా దీని ముల్లు నాకు మళ్ళీ సరిగ్గా నిలవకూడదు. కామారెడ్డిలో కంసాలి పని చేసుకునేవాణ్ణి. అబద్ధంతో నాకేం పని...

నిజాంసాగర్ కట్టి అప్పటికి పదేళ్ళు కాలేదు. ఒక సాయంత్రం ఎల్లారెడ్డి నుంచి నర్సింహులన్న వచ్చాడు. అక్కడి దొర వేటకు వెంట పోయే షికారీ. తువ్వాలు విప్పి నా ముందు ఒక డబ్బా పెట్టాడు. దొర పట్నం నుంచి తెప్పించుకున్న మాగ్నం రకం రివాల్వరు తూటాలు.

"తమ్మీ, దీంట్ల రెండు తీర్లయి కలిసిపోయినయి. పైకి ఒక్కతీరుగనే ఉన్నయి. బరువైనయి ఏరియ్యి."

"బరువైనయే ఎందుకన్నా?"

అతను తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు.

"తేలికది తోలు కాడ్నే పగిలిపోతది. బరువైంది బొక్క ఇరగ్గొట్టి లోపలికి పోతది. పానం సులువుగ పోతది... పోయిన నెల దొర పులిని కొట్టినప్పుడు తూటాలు నింపిచ్చింది నేనే. తేలికయి ఇచ్చిన. అది సావలే. భుజం కుళ్ళి తిరుగుతున్నది. జింకను పట్టలేక మొన్న గడ్డి కోసే అవ్వ మీద పడ్డది. అవ్వకు చెయ్యి పోయింది."

"మరి పెద్ద తుపాకి తీస్కపో."

"అది పండుకునేది పొదలల్ల. పెద్ద తుపాకి అండ్ల తిరగదు. దగ్గరికే పోవాలె."

గురిగింజలు వేసి ఒక్కొక్కటే తూచాను. బరువైనవి ఆరు తేలాయి. అన్న వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఒక్కడే పోతాడని నాకు తెలుసు. టార్చిలైటు పట్టడానికైనా పనికొస్తానని నేనూ బయల్దేరాను.

మరుసటి రాత్రి. ఎల్లారెడ్డి పక్కన పులి నీళ్ళకు వచ్చే వాగు ఒడ్డున, మోదుగు పొదల్లో కూర్చున్నాం. గాలి లేదు. కీచురాళ్ళు కూడా ఆగిపోయాయి... అప్పుడు వినిపించింది.

ఊపిరి.

జ్వరంలో మనిషి మూలిగినట్టు. ఆగి... మళ్ళీ. మాకు పది అడుగుల్లో.

లైటు వేశాను. రెండు కళ్ళు. పచ్చగా. అది లేవలేదు. పడుకున్నచోటి నుంచే మమ్మల్ని చూస్తోంది. పుండు వాసన ముక్కుకు కొట్టింది. అన్న దొర రివాల్వరు ఎత్తాడు.

"నొస్తున్నదా బిడ్డా," అన్నాడు. మెల్లగా. ఇంట్లో పిల్లను అడిగినట్టు. "అయిపోతది... ఒక్కటే."

తర్వాత... చప్పుడు.

చెవులు దిమ్మెక్కాయి. లైటు చేతిలోంచి జారిపోయింది. తడుముకుని మళ్ళీ వేసేసరికి, పులి ముందుకాళ్ళ మీద తల పెట్టుకుని ఉంది. ఊపిరి లేదు.

తెల్లారేదాకా మేం కదల్లేదు. వెలుగొచ్చాక దగ్గరికి పోయాం. భుజం మీద పాత పుండు. అంతే. ఒళ్ళంతా వెతికాం. కొత్త గాయం లేదు. కొత్త నెత్తురు చుక్క లేదు.

అన్న రివాల్వరు తెరిచాడు. ఆరు తూటాలూ పేలకుండా అందులోనే ఉన్నాయి.

"అన్నా... నువ్వు పేల్చలేదా?"

"నొక్కలేకపోయిన తమ్మీ. దాని కండ్లు చూసినంక యేలు కదల్లే." రివాల్వరు మూశాడు. "నువ్వు చప్పుడు ఇన్నవా?"

"ఇన్న."

"నేనుగూడ ఇన్న."

ఊరు కూతవేటు దూరమే. అన్న భార్య లక్ష్మి రాత్రంతా గడప మీదే కూర్చుని చెవులప్పగించి ఉందట. "ఏ చప్పుడు రాలే. కుక్కగూడ మొరగలే," అంది. నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అదే మాట.

రోగంతో దానంతట అదే పోయిందేమో. భయానికి మా చెవులే మోసం చేశాయేమో. కానీ ఇద్దరివీ... ఒకేసారి?

ఆ రోజు ఊరివాళ్ళు వచ్చేలోపల అన్న దాని పక్కన కూర్చుని, పుండు మీద ఈగలు తోలుతూ ఉన్నాడు.

"ఎవలు పేల్చిన్రో గాని తమ్మీ," అన్నాడు, "నాకన్న మనసు మెత్తనోడు."

నేనూ పక్కన కూర్చుని ఈగలు తోలాను.