మరదలి బాప్తిస్మానికి చెరువు దాకా

మా అత్తమ్మ దేవుడికిచ్చిన మాట కోసం పోయిన ప్రయాణం ఇది. మా మరదలు సునీతకు చిన్నప్పటి సంది ఆయాసం. పసిపిల్లగా ఉన్నప్పుడు ఒకసారి ఊపిరి అందక పెదాలు నల్లబడ్డయంట. "ఈ పిల్లని బతికించు తండ్రీ, నేను బాప్తిస్మం తీసుకున్న చెరువులోనే దీనికీ ఇప్పిస్తా" అని అత్తమ్మ మొక్కుకుంది. పిల్ల బతికింది, టీచరమ్మ అయింది, నా మాటల్లో తప్పులు దిద్దేంత పెద్దదైంది. మొక్కుబడి మాత్రం మిగిలిపోయింది.

డిసెంబర్ల ఒక శనివారం, ఇంకా చీకటి ఉండంగనే రెజిమెంటల్ బజార్ నుంచి బయలుదేరినం. అత్తమ్మ, సునీత, పాస్టర్ అయ్యగారు, నేను. సునీత బ్యాగులో తెల్లచీర, పీల్చే మందు. నా చేతిలో ఇడ్లీల డబ్బా, ఒక వెదురుకర్ర. బాప్తిస్మానికి ముందు ఒక మగమనిషి నీళ్లల్లో దిగి లోతు చూడాలె. ఆ పని ఇంటి అల్లుడికే పెడతరు, పోతే పోయేది అల్లుడే కదా.

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఏ.ఎస్. రావు నగర్ బస్సు ఖాళీగా దొరికింది. టికెట్లు నాకూ అయ్యగారికే. ఆడవాళ్లకు ఉచితం.

"పరలోకంల సుత మీకే ముందు సీట్లు ఉన్నట్టున్నయ్" అన్న.

"నీకు నిలబడే జాగా దొరికితే చాలు బావా" అంది సునీత.

ఆరున్నరకు దిగి, ఇడ్లీలు తిని, చాయ్ తాగి ఇంకో బస్సెక్కినం. చెరువు పేరు చెప్పను. దానికి ఉన్న తక్లీఫులు చాలు.

కొంతదూరం పోయినంక ఒక మలుపు దగ్గర, ఎవ్వరూ ఏం అనకుండానే, బస్సుల అందరూ ఒక్కసారే కిటికీలు మూసిన్రు. మాటలు ఆగినయ్. ఫోన్ల పాటలు ఆగినయ్. వాన లేదు, డ్రైవర్ వైపర్ వేసిండు. అద్దం మీద తెల్లటి ముద్దలు వచ్చి పడుతున్నయ్.

"ఏందన్నా ఇది?" అని పక్కన మంకీ క్యాప్ పెట్టుకున్న పెద్దమనిషిని అడిగిన.

"చెరువు" అన్నడు, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని. "గాలి లేస్తే గిట్లనే రోడ్డు మీదికి వస్తది."

దిగినంక వాసన. కుళ్లిన కోడిగుడ్డు, మందులషాపు, కాలిన రబ్బరు, మూడూ కలిపి మరిగించినట్టు. గట్టు పక్క ఇళ్ల కిటికీలకు ప్లాస్టిక్ కవర్లు కొట్టి ఉన్నయ్. లోపల మనుషులు ఉన్నరు, టీవీ వినపడుతుంది. గట్టు కింద చాయ్ అమ్మే ఆమె కాలివేళ్లకు నల్లటి మట్టెలు. "ఇనుపవి పెట్టుకున్నవేందక్కా?" అన్న.

"వెండివే తమ్మీ. మా దగ్గర వెండి తెల్లగ ఉండదు" అని సునీత పట్టీల దిక్కు చూసింది. "చెల్లె, నీవి తీసి బ్యాగుల పెట్టుకో."

గట్టెక్కి చూస్తే నీళ్లే లేవు. నురగ. మనిషి ఎత్తు నురగ, మెల్లగ పైకి లేస్తుంది, మెల్లగ కుంగుతుంది. కొంగ లేదు, కప్ప లేదు. ఒక మూల మాత్రం నురగ విడిపోయి నల్లగా నీళ్లు కనిపించినయ్.

"ఇక్కడే మెట్లుండేవి" అంది అత్తమ్మ, తనలో తాను.

అయ్యగారు పాట ఎత్తుకున్నరు. నేను ప్యాంటు మడిచి కర్రతో దిగిన. డిసెంబర్ చలిల నీళ్లు వెచ్చగ ఉన్నయ్, ఎవరో ఇప్పుడే లేచిపోయిన పరుపు లెక్క. మోకాళ్ల దాకా పోయినంక చూసిన. చుట్టూ చేపలు. తలలు నీళ్ల పైకి పెట్టి నోర్లు తెరుస్తున్నయ్, మూస్తున్నయ్. గట్టు మీద పాట, ఇక్కడ ఈ నోర్లు. సప్పుడు లేదు. కర్ర ఆడించిన, పారిపోలే. ఒకటి వచ్చి నా కాలుకు ఆనుకుని నిలబడ్డది. ఇంకొకటి. గాలి కోసం నన్నే అడుగుతున్నట్టు.

"ఎంత లోతు?" అన్నరు అయ్యగారు.

కర్రకు తడి ఎంతవరకుందో పైకెత్తి చూపించిన.

అప్పటికే సునీతకు దగ్గు షురూ అయింది. మందు పీల్చింది, మళ్లీ పీల్చింది. అయినా తెల్లచీర కట్టుకుని కిందికి వస్తుంది. "బావా, జరుగు. అమ్మ మొక్కు తీరాలి." రెండు మాటల మధ్య ఈల వేసినట్టు ఊపిరి. ఆమె నోరు సుత తెరుచుకునే ఉంది.

అత్తమ్మ ఆమెను చూసింది. నా కాళ్ల చుట్టూ ఉన్న వాటిని చూసింది. దిగి వచ్చి బిడ్డ చెయ్యి పట్టుకుంది. "వద్దు. పైకి రా."

"మరి మొక్కుబడి అమ్మా?" అన్నరు అయ్యగారు, మెత్తగ.

"ఊపిరి ఇమ్మని మొక్కుకున్నానండి. తెచ్చి దీంట్లో ముంచితే ఆయన ముఖం ఎట్లా చూడను? మాట తప్పిన పాపం నాది. అదేదో నేనే చూసుకుంటా."

అయ్యగారు తలూపి బైబిల్ మూసిన్రు. చర్చి వెనక సిమెంటు తొట్టి ఉంది, రేపు ఆరాధన అయినంక అందులో ఇద్దామన్నరు.

తొమ్మిదింటి బస్సుల తిరుగుముఖం. నా కాళ్ల వాసనకు ముందు సీటువాళ్లు లేచి వెనక్కి పోయిన్రు. పోదామనుకునేటోళ్లకు చెప్తున్న: బస్సులకు కొదవ లేదు, చాయ్ మంచిగుంటది, చెరువు సుత ఇంకా బతికే ఉంది. అది చూసి రావడమే కష్టం.

సునీత అత్తమ్మ భుజం మీద నిద్రపోయింది. అత్తమ్మ ఆమె వీపు మీద చెయ్యి పెట్టి కూర్చుంది. ఊపిరికి చెయ్యి లేస్తుంది, దిగుతుంది.

"ఎండెక్కితే ఆ చేపలు మళ్లీ కిందికి పోతాయా అల్లుడుగారూ?" అంది.

"పోతయ్ అత్తమ్మా" అన్న. నాకేం తెలుసు.

సికింద్రాబాద్ వచ్చేదాకా ఆమె ఆ చెయ్యి తియ్యలే.