మనోంగ్ తెర్యో మూడు సోమవారాలు

జారో బజారులో చేపలమ్మే ఆడవాళ్ళ దగ్గర మొదలై ట్రైసికిల్ స్టాండు దాకా ఇప్పటికీ తిరుగుతున్న మాట ఇది. బార్బర్ తెర్యో తన ముక్కలు చూడనైనా చూడకుండా దగ్గరున్న పందెం బిళ్ళలన్నీ ముందుకు తోసి, పేరున్న లాయరు అటార్నీ పల్మారెస్ అంతటివాడి చేత రెండు రాణులు కింద పడేయించాడట. ఇక తనకు సరిజోడు ఎవరూ లేరని, మళ్ళీ పేక ముట్టనని లేచి వచ్చేశాడట. చేపల వరస చివరికి వచ్చేసరికి రెండు రాణులు మూడవుతాయి. ఆ ఆటలో చేతికి వచ్చేవి రెండే ముక్కలని అడ్డు చెప్పేవాళ్ళు లేరు. ట్రైసికిల్ స్టాండులో అయితే అటార్నీ కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంటాడు.

తెర్యో వయసు యాభై నాలుగు. చిన్నవాళ్ళందరికీ అతను మనోంగ్, అంటే అన్న. చర్చి ముందు కొవ్వొత్తులమ్మే వరసకు వెనక సందులో అతని షాపు. కుర్చీలు రెండున్నా పనిచేసే మనిషి ఒక్కడే. ముప్ఫై ఏళ్ళుగా అక్కడే గడ్డాలు గీస్తున్నాడు. మూతినిండా నురుగు పెట్టుకుని, గొంతు దగ్గర కత్తి ఉన్న మనిషి నోరు విప్పడు. "మీసం కూడా సరిచెయ్యనా?" అంటే కనుబొమలు ఒక్కసారి పైకి లేపుతాడు. లేపితే అవును, లేపకపోతే కాదు. ఆ మాటకొస్తే ఊరంతా అంతే. జీప్నీ బండి డ్రైవరుకైనా, పెళ్ళి చేసుకుంటావా అని అడిగిన కుర్రాడికైనా జవాబు అక్కడినుంచే వస్తుంది. తెర్యోకు మరీ అలవాటైపోయింది. అతని మొహంలో ఇంకేదీ కదలదు. అలాంటి మొహం పేకాటకు దొరకడం అదృష్టమని అందరూ అంటారు. కనుబొమలు మాత్రం ఎవరడిగినా జవాబు చెప్పేస్తాయి.

పేక అతను నేర్చుకున్నది చావు ఇళ్ళలో. శవాన్ని ఉంచినన్నాళ్ళూ, తోడు కూర్చోవడానికి వచ్చినవాళ్ళు ఆడతారు, ఆట డబ్బులో కొంత ఆ ఇంటివాళ్ళకు తీసిపెడతారు. దానికి ఎవరూ తప్పు పట్టరు. తరువాత ఆటోపార్టుల దుకాణం పైన పోకర్ క్లబ్బు వచ్చింది. సోమవారం మధ్యాహ్నం అక్కడ టోర్నమెంటు. ఓడినవాళ్ళు లేచిపోతుంటే, చివరికి మిగిలిన తొమ్మిదిమంది ఒకే బల్లకు చేరతారు. సోమవారం పనిలేని వాళ్ళందరూ వస్తారు. బార్బర్లు, ఓడల్లో పనిచేసి రిటైరైనవాళ్ళు, కేసు వాయిదా పడిన లాయర్లు.

ఆ రోజుల్లో తెర్యో తన భార్య ఫెలీసాతో బార్బర్ల సంఘం మీటింగుకు వెళుతున్నానని చెప్పేవాడు. మొదటి ఏడాది ఊరికే సభ్యుడు. రెండో ఏడాది ఉపాధ్యక్షుడయ్యాడు. ఎందుకయ్యాడో అతనికే తెలియదు. ఒకరోజు ఇంటికి ఆలస్యంగా వస్తే ఆ మాట నోట్లోంచి జారింది. ప్రమాణ స్వీకారానికని ఫెలీసా తెల్లచొక్కా కుట్టించింది. ఆ చొక్కా వేసుకునే వెళ్ళి పేకాడాడు. డిసెంబరులో ఆమె ప్లాజా అవతల ఉండే బార్బర్ భార్యను ఆపి, సంఘం క్రిస్మస్ విందుకు తను ఏం వండుకు రావాలని అడిగింది.

"ఏ సంఘం?" అంది ఆవిడ.

ఫెలీసా అరవలేదు. "పేకాడితే ఆడావు. ఏడాదిపాటు ఉపాధ్యక్షుడి పెళ్ళాన్ననుకుంటూ ఈ బజారంతా తిరిగానే, దాని సంగతేమిటి?" అంది.

తెర్యో ఆట మానేశాడు. ఆరేళ్ళు మానేశాడు. సోమవారాలు కత్తెరలకు పదును పెట్టుకునేవాడు. ఆరేళ్ళలో జారోలో ఇంత పదునైన కత్తెరలు ఇంకెక్కడా లేకుండా పోయాయి.

ఒక సోమవారం ఫెలీసా షాపు తలుపు తీసేసరికి తెర్యో కుర్చీలో కూర్చుని, అద్దం ముందు బల్లమీద ముక్కలు రెండు చేతులుగా పంచుకుని ఆడుతున్నాడు.

"ఎవరు గెలుస్తున్నారు?" అంది ఫెలీసా.

"వాడే" అన్నాడు, అద్దంలోకి మూతితో చూపించి.

ఆమె తలుపు దగ్గర కాసేపు నిలబడింది. "మూడు సోమవారాలు ఇస్తాను. ఆ మూడింటిలో ఒక్కసారి చివరి బల్లకి చేరావా, ఆ తరువాత బతికున్నన్నాళ్ళూ సోమవారాలు నీవి. చేరలేదా, ఈ పేక పొయ్యిలో పెడతాను. ఇంకోటి, ఒక్క అబద్ధం కూడా ఉండకూడదు. వేలెడంత ఉన్నా సరే, అక్కడితో అయిపోయింది."

"సంఘం పేరెత్తను" అన్నాడు తెర్యో.

"ఏ పేరూ ఎత్తకు."

మొదటి సోమవారం మెట్లెక్కితే క్లబ్బు మారిపోయి ఉంది. టోపీ ఉన్న చొక్కాలు తలమీదికి లాక్కుని, నల్లద్దాలు పెట్టుకుని, చెవుల్లో ఏవో దూర్చుకుని కుర్రాళ్ళు కూర్చున్నారు. ముక్కలు పంచేది జోవెలిన్ అనే అమ్మాయి. పాత ముఖం అటార్నీ పల్మారెస్ ఒక్కడే.

"బతికే ఉన్నావా తెర్యో? నేను నీ చావింట్లో ఆడదామని చూస్తున్నా" అన్నాడు అటార్నీ.

"మీ గడ్డం గీసేవాళ్ళు ఎవరూ లేరని వచ్చాను, అటార్నీ" అన్నాడు తెర్యో.

అరగంట దాటాక అతని చేతికి రెండు ఆసులు వచ్చాయి. ఆరేళ్ళు ఎదురుచూసినవాడికి వచ్చినట్టే వచ్చాయి. అన్నీ పెట్టాడు. టోపీ కుర్రాడొకడు తొమ్మిదీ ఆరూ పట్టుకుని ఎదురుపెట్టాడు. అందరికీ కలిపి బల్లమీద పరిచే ముక్కల్లో తొమ్మిదొకటి, ఆరొకటి పడి, రెండు జతలతో ఆసులను కొట్టేశాయి.

"సారీ, లోలో" అన్నాడు కుర్రాడు, తాతకు చెప్పినట్టు. ఆసులకంటే ఆ మాటే ఎక్కువ నొప్పెట్టింది.

ఇంటికొస్తే ఫెలీసా గడియారం చూసింది. "అప్పుడేనా?"

"నలభై నిమిషాలు."

"సంఘం మీటింగులు నాలుగు గంటలు పట్టేవే" అంది.

రెండో సోమవారం తెర్యో కళ్ళజోడు జేబులోనే ఉంచుకున్నాడు. పెట్టుకుంటే మళ్ళీ లోలో అంటారని. ఆ రోజు ఆట అతను చెప్పినట్టు విన్నది. మూడు గంటలపాటు ఏది పట్టినా కలిసింది. బిళ్ళలు ముందు రెండు వరసలయ్యాయి, తరువాత మూడయ్యాయి. చివరి బల్లకు తొమ్మిదిమంది. పదిమంది మిగిలి ఉండగా చేతిలో రెండు ఆఠీన్లు, బల్లమీద మూడు ఆఠీన్లు కనిపించాయి. అయిదూ ఒకే గుర్తయితే ఓడడం కష్టం. అన్నీ పెట్టేశాడు. ముక్కలు తిప్పాక జోవెలిన్ అతని ముక్కల్లో ఒకదానిమీద వేలు పెట్టి, "మనోంగ్, ఇది డైమను" అంది మెల్లగా.

తెర్యో అప్పుడు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. డైమనే.

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టే చెప్పాడు. ఫెలీసా నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి వెళ్ళింది. అక్కడినుంచి, "నిజం చెప్పావు కాబట్టి ఇంకోటి మిగిలింది" అంది.

మూడో సోమవారం అతను ఇంటిదగ్గరే కళ్ళజోడు కళ్ళకు పెట్టుకుని బయల్దేరాడు. అన్నం ఉడికేదాకా కూడా ఆగలేదు. ఆ రోజు పెద్దగా గెలవలేదు, పెద్దగా ఓడలేదు. పనికిరాని ముక్కలు పడేస్తూ, పనికొచ్చేవి కూడా కొన్ని పడేస్తూ ఓపికపట్టాడు. రెండున్నరకు మళ్ళీ పదిమంది మిగిలారు, రెండు బల్లల దగ్గర అయిదేసి మంది. ఇంకొక్కడు పోతే మిగిలిన తొమ్మిదిమందీ ఒకే బల్లకు చేరతారు. తెర్యో ముందున్న బిళ్ళలు తక్కువేమీ కాదు, అలాగని ధీమాగా కూర్చునేన్ని కూడా కాదు.

అటార్నీ పల్మారెస్ పెద్ద పందెం కాశాడు. తెర్యో ముక్కలు చూసుకున్నాడు. కళావరు రాజు, డైమను తొమ్మిది. కళ్ళజోడులోంచి రెండుసార్లు చూశాడు. పడేద్దామనుకున్నాడు. ఆలోచిస్తున్నప్పుడు షాపులో దువ్వెనలు సర్దినట్టే ఇక్కడ బిళ్ళలు సర్దుతాడు. చేతులు బిళ్ళల మీద ఉన్నాయి.

అది చూసి జోవెలిన్ అడిగింది. "అన్నీ పెడుతున్నారా? ఆల్ ఇన్ ఆ, మనోంగ్?"

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర ఫెలీసా కనిపించింది. చేతిలో అన్నం క్యారియరు. కందిగింజలు, పందిమాంసం, పనసకాయ వేసి వండిన పులుసు వాసన ఆమెకంటే ముందే లోపలికి వచ్చింది. ఆటగాళ్ళు కానివాళ్ళకు లోపల పని లేదని గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె కేక వెయ్యలేదు. క్యారియరు పైకెత్తి, దానివైపు మూతి తిప్పి, గొంతు రాకుండా పెదవులతో, "తిన్నావా?" అంది.

తెర్యో కనుబొమలు పైకి లేచాయి.

ఫెలీసా తలూపి, క్యారియరు గార్డు చేతిలో పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

"ఆల్ ఇన్" అంది జోవెలిన్ అందరికీ వినబడేట్టు.

"ఎవరు?" అన్నాడు తెర్యో.

"ఇంకెవరు, నేనా?" అన్నాడు అటార్నీ.

"నేను ఆ మాటే అనలేదు."

"అనలేదు మనోంగ్, కనుబొమలు ఎగరేశారు" అంది జోవెలిన్. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. "నేను అడిగాను, మీరు ఎగరేశారు."

క్లబ్బు నడిపే రామిల్‌ని పిలిచారు. అతను నూడుల్స్ గిన్నె చేత్తో పట్టుకునే వచ్చాడు.

"మనోంగ్, ఎగరేశారా లేదా?"

"ఎగరేశాను."

"దేనికి?"

తెర్యో గోడవైపు చూశాడు. అక్కడ అట్టమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆట మధ్యలో బయటివాళ్ళతో మాట కానీ సైగ కానీ ఉంటే ఆటగాడిని బయటికి పంపుతారు. పంపినవాణ్ణి మళ్ళీ రానివ్వరు. తెర్యో కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"ఇందులో ఆలోచించేదేముంది రామిల్?" అన్నాడు అటార్నీ. "పోయిన నెల నేను దోమ కుట్టి కనుబొమలు ఎగరేస్తే ఏమన్నావు? కనుబొమలు కూడా మాటేనన్నావు. నా బిళ్ళలన్నీ పోయాయి. నాకో న్యాయం, బార్బర్‌కో న్యాయమా?"

"అన్నాను" అన్నాడు రామిల్, నూడుల్స్ మింగి. "కనుబొమలు మాట కిందే లెక్క. ఆల్ ఇన్. చెల్లుతుంది."

అటార్నీ గెలిచినట్టు చుట్టూ చూశాడు. తరువాత తన ముక్కలు చూసుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, ఇప్పుడు ఎదురుపెట్టాల్సింది తనేనని. పెట్టి ఓడితే చివరి బల్లకి తనే చేరడు.

ఆరు నిమిషాలు ఆలోచించాడు. తెర్యో మొహంలోకి చూశాడు. ఆ మొహంలో ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు, తెర్యో ఆ క్షణాన ఎక్కడికైనా పారిపోదామని తప్ప ఇంకేమీ అనుకోవడం లేదు.

"ముప్ఫై ఏళ్ళు జనం గొంతులమీద కత్తి పెట్టి కబుర్లు చెప్పినవాడు" అన్నాడు అటార్నీ, పక్కవాడితో. "వెనక్కి తీసుకుంటున్నట్టు ఎంత బాగా నటిస్తున్నాడో చూడు. ఆసులున్నాయి వీడిదగ్గర. నన్ను రమ్మంటున్నాడు."

రెండు రాణులు అందరికీ కనబడేట్టు పడేశాడు.

బల్ల చుట్టూ ఈల వేశారు. తెర్యో తన ముక్కలు బోర్లించే జోవెలిన్ వైపు తోశాడు. ఆమె వాటిని కట్టలో కలిపేసింది. అవతలి బల్ల దగ్గర ఓడ వంటవాడొకడు అప్పుడే ఓడి లేచాడు. తొమ్మిదిమంది మిగిలారు.

చివరి బల్ల దగ్గర తెర్యో పంతొమ్మిది నిమిషాలున్నాడు. తొమ్మిదో స్థానం. లేస్తుంటే టోపీ కుర్రాడు చెవుల్లోంచి అవి తీసి, "మంచి ఆట, మనోంగ్" అన్నాడు. లోలో అనలేదు.

ఇంటికి వెళ్ళేలోపే కబురు ఇంటికి చేరింది. ఫెలీసా గుమ్మంలోనే నవ్వుతూ నిలబడి ఉంది.

"అటార్నీ చేత రాణులు పడేయించావట! చేపల శాలీ పరిగెత్తుకొచ్చి చెప్పింది. చివరి బల్లకి చేరావా?"

"చేరాను."

"అయితే సోమవారాలు నీవే. మాటంటే మాటే." కుర్చీ లాగి వేసింది. "పులుసు గార్డుకిచ్చి వచ్చా. వాసన చూస్తూ నిలబడ్డాడు పాపం. అక్కడ ఏం తిన్నావు?"

క్లబ్బు మెట్ల కిందే బాచోయ్ నూడుల్స్ కొట్టుంది. అందరూ అక్కడే తింటారు. బాచోయ్ అంటే సరిపోయేది. తెర్యో కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. ఈసారి కనుబొమలు కదలలేదు. జోవెలిన్ ప్రశ్న దగ్గరినుంచి మొత్తం నోటితో చెప్పాడు. చివర్లో ఆమె అడిగినదానికి కూడా జవాబు చెప్పాడు.

ఫెలీసా ఎదురుగా కూర్చుంది.

"ఎందుకలా చెప్పావు?"

"లేదంటే లోపలికొచ్చి ఆ కుర్రాళ్ళ ముందు తినిపిస్తావేమోనని."

"వచ్చేదాన్నే" అని ఒప్పుకుంది ఫెలీసా. తరువాత అడిగింది. "ఆ రామిల్ ఏమన్నాడన్నావు? కనుబొమలు మాట కిందే లెక్క అనా?"

"అవును."

"ఆ లెక్కతోనే చివరి బల్లకి వెళ్ళావు."

"అవును."

"అయితే నాకు చెప్పింది కూడా మాటే."

తెర్యో ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా సందు దొరకలేదు. అటార్నీకి కూడా దొరికి ఉండేది కాదు. లేచి సొరుగులోంచి పేక తీసి ఆమె ముందు పెట్టాడు. ఫెలీసా దాన్ని పొయ్యిలో పెట్టలేదు, బీరువాపైన చెయ్యి అందనంత ఎత్తులో పెట్టింది. ఆమె ఎక్కిన కుర్చీని పట్టుకుని నిలబడింది తెర్యోనే.

ఇప్పుడు సోమవారాలు మళ్ళీ కత్తెరలకు పదును పెడుతున్నాడు. గడ్డానికి వచ్చినవాళ్ళు అడుగుతారు. "నిజమేనా మనోంగ్, ముక్కలు చూడకుండానే తోశారట? సరిజోడు ఎవరూ లేరని మానేశారట?" తెర్యో వాళ్ళ మూతికి నురుగు పూస్తాడు. అటార్నీ కూడా వస్తాడు, కుర్చీలో వెనక్కి వాలి, ఆ రోజు నీ దగ్గర ఆసులేగా అని అడుగుతాడు. తెర్యో కత్తి దించేదాకా జవాబు చెప్పడు, దించాక వేరే సంగతి ఎత్తుతాడు.

బజారులో ఎవరికీ తెలియనిది ఒక్కటే. ఆ సోమవారం తెర్యో మధ్యాహ్నం అన్నం తినలేదు.