లవంగాల నిమ్మపాకం

నా చిన్నప్పుడు విజయవాడలో మేం ఉన్న వరసిళ్లలో, మా పక్క వాటాలో ఒక మామయ్య ఉండేవారు. బందరు మనిషి. చుట్టం కాకపోయినా నాకు మామయ్యే. పదిహేనేళ్లు ప్రయాణికుల ఓడల్లో బారు చూసుకున్నారు. రమ్ములో అనాసరసం, మసాలా వేసిన నిమ్మపాకం కలిపి, దీవుల పానీయాలంటూ దొరలకు అందించేవారట. పక్షవాతం వచ్చి కుడిచేతికి పట్టు తప్పాక ఓడవాళ్లు ఇంటికి పంపేశారు.

ఆ ఎండాకాలం ఊళ్లో ఒక హోటలువాళ్లు కొత్తగా బారు తెరుస్తున్నారని ఆయనకు తెలిసింది. గ్లాసులు అందించే పని తనవల్ల ఇక కాదు. వాటిలో కలిపే పాకమైనా ఇంట్లో చేసి ఇవ్వగలను కదా అనుకుని, వెళ్లి అడిగొచ్చారు. శనివారం నాలుగింటికి వచ్చి రుచి చూస్తానన్నారు మేనేజరు గారు. రెండేళ్లుగా కిటికీ పక్కన కూర్చుని ఉన్న మనిషి ఆ శనివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు.

అత్తయ్య ఆసుపత్రిలో నర్సు, డ్యూటీకి వెళ్లిపోయింది. నిమ్మతొక్క తీయడం ఆయనకు కష్టం. నాకు పదేళ్లు, బడికి సెలవులు. నేను తీస్తానన్నాను. మా అమ్మకు నచ్చలేదు.

"బారుకెళ్లే వస్తువులో పిల్ల చెయ్యెందుకండీ అన్నయ్యగారూ?" అంది గుమ్మంలో నిలబడి.

"ఇందులో మందు చుక్క కూడా ఉండదమ్మా. నిమ్మకాయ, పంచదార, లవంగం, దాల్చినచెక్క, అల్లం, అంతే. చల్లటి నీళ్లలో కలుపుకుని మీరూ తాగొచ్చు," అన్నారాయన. అమ్మ, చాకు జాగ్రత్త అని మాత్రం చెప్పి వెళ్లిపోయింది.

పైనున్న పచ్చటి తొక్క మాత్రమే కాగితంలా రావాలని, కింద ఉండే తెల్లపొర అంటకూడదని ఆయన నాకు రెండుసార్లు చూపించారు. మొదటి ఇరవై కాయలూ బుద్ధిగానే తీశాను. తర్వాత వీధిలో నా ఈడు పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతూ కేకేశారు. నా చాకు లోతుగా దిగడం మొదలైంది. మామయ్య పొయ్యి దగ్గర లవంగాలు, దాల్చినచెక్క వేయించుకుంటూ గమనించలేదు. తొక్కలన్నీ దంచిన అల్లంతో కలిపి వేడి పాకంలో వేసి మూతపెట్టారు.

మూడింటికి వడకట్టి, నిమ్మరసం కలిపి, చెంచాతో నాలుక మీద వేసుకున్నారు. మరోసారి వేసుకున్నారు. తర్వాత వడకట్టిన గుడ్డ విప్పి తొక్కల్ని తిరగేసి చూశారు. తెల్లపొర మందంగా అంటుకుని ఉంది.

"ఇంకాస్త పంచదార వేస్తే తెలీదు మామయ్యా," అన్నాను.

"నోట్లో పెట్టుకున్నప్పుడు తెలీదమ్మా. మింగాక తెలుస్తుంది," అని చెంచా నాకిచ్చారు.

ముందు తీపి, ఆపైన లవంగం వెచ్చదనం. మింగాక నాలుక వెనక చేదు పట్టుకుని వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది. ఆయన తిట్టలేదు, ఫరవాలేదనీ అనలేదు. గిన్నెడు పాకం తూములో పారబోసి, మిగిలిన కాయలు ముందు పెట్టుకుని, కదలని కుడిచేతికీ గుండెకీ మధ్య ఒక్కో కాయ అదిమిపెట్టి, ఎడమచేత్తో తొక్క తీయసాగారు. నేను మూడు తీసేసరికి ఆయన ఒకటి తీసేవారు. వేలు తెగితే గుడ్డ చుట్టుకుని మళ్లీ చాకు పట్టారు.

నాలుగింటికి కారు వచ్చింది.

"చేసింది చేదెక్కిందండీ, పారబోశాను. మళ్లీ మొదలుపెట్టాం. మూడు గంటలు పడుతుంది, కూర్చుంటారా?" అన్నారు మామయ్య.

నా పేరు చెబుతారనుకున్నాను. చెప్పలేదు. మేనేజరు గారు వాచీ చూసుకుని, హనుమాన్ జంక్షన్ వెళ్లాలి, చూద్దాం లెండి అని కారెక్కేశారు. ఆ 'చూద్దాం'కి అర్థం పదేళ్ల దానికి కూడా తెలుసు. మామయ్య మరో నిమ్మకాయ తీసుకున్నారు.

"ఆయన వెళ్లిపోయారుగా, ఇంకెందుకు మామయ్యా?"

"ఆయనెళ్లారు గానీ, హోటలు ఎక్కడికీ వెళ్లలేదుగా," అన్నారు, తల ఎత్తకుండానే.

మర్నాడు పొద్దున్నే సిటీ బస్సులో ఇద్దరం వెళ్లాం. తువ్వాల్లో చుట్టిన రెండు సీసాలూ నా ఒళ్లో. హోటలు వెనక గుమ్మం దగ్గర బెంచీ మీద పదకొండింటిదాకా కూర్చోబెట్టారు. చివరికి మేనేజరు గారు వచ్చి, పాకంలో అనాసరసం పోసి కలిపి, ఒక గుక్క మింగి ఆగారు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. రెండో గుక్క తాగారు.

"నిన్నటిది నిజంగానే పారబోశారా?"

"అవునండీ."

"వారానికి రెండు డజన్ల సీసాలు ఇవ్వగలరా?"

"ప్రస్తుతానికి ఒక డజనే అవుతుందండీ. చేయి అలవాటు పడితే రెండు," అన్నారు మామయ్య. మేనేజరు గారు ఒప్పుకున్నారు.

తప్పు నాదని మామయ్య అత్తయ్యకు కూడా చెప్పలేదు. తర్వాతి వారం చాకు మళ్లీ నా చేతికే ఇచ్చారు. ఆ సెలవులు అయ్యేదాకా నా తొక్కల్లో తెల్లపొర కనబడలేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ముప్పై ఐదేళ్లుగా బట్టలు కుడుతున్నాను. పెళ్లివాళ్లు వాకిట్లోకి వచ్చేశాక జాకెట్టు చంక దగ్గర లాగుతోందని కనిపెట్టిన రోజులు చాలానే ఉన్నాయి. చీర కొంగు కప్పేస్తుంది, ఎవరూ చూడరు. అయినా కూర్చుని కుట్టు విప్పుతాను. "గంట పడుతుందమ్మా, ఉంటారా?" అని అడగడానికి వెనకాడను.