వికారాబాద్ దవాఖాన, విత్తు కొట్టిన పొట్టేలు

మా ఆయన మల్లయ్యకు ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకల్లోకి పాకిందని నవంబరు పన్నెండున తెలిసింది. ఏ వైద్యం కావాలో ఆలోచించుకుని పంతొమ్మిదిన రమ్మన్నారు. ఆ వారమంతా ఆలోచించి ఆయన తేల్చుకున్నది ఒక్కటే: వెళ్లకూడదని. అయినా తీసుకెళ్లాను. అంగన్‌వాడీలో రిజిస్టర్లు నింపిన చెయ్యి కనుక ఊరుకోక రాస్తున్నాను. మా వెనక వెళ్లేవారికి పనికొస్తుంది.

ఆరున్నరకు బషీరాబాద్‌లో షేర్ ఆటో ఎక్కాం. నడుము నొప్పి ఉన్నవాళ్లు వెనక సీటు జోలికి పోవద్దు. తాండూరులో ఎనిమిది గంటల రైలు ఎనిమిదీ ఇరవైకి వచ్చింది.

మా ఎదురుగా ఒక పెద్దమనిషి ఆ చలిలో అంగీ గుండీలు విప్పి తువ్వాలతో విసురుకుంటున్నాడు. ఆయనదీ ఇదే జబ్బు, వెళ్లేదీ అదే దవాఖానకు.

"ఎండకాలం నుంచి సూది తీస్కుంటున్న. ఉండుండి ఒంట్ల పొయ్యి రాజుకుంటది. బలం తగ్గింది, పొట్ట పెరిగింది. నొప్పి మాత్రం మస్తు తగ్గింది" అన్నాడు.

మా ఆయన నా చెవిలో, "పొట్ట పెరిగిందంట, విన్నవా? విత్తు కొట్టిన పొట్టేలు గూడ గంతే. రెండో జాతర చూడది. ఎన్నిటికి కొట్టిన, ఒక్కటన్న మిగిలిందా?" అన్నాడు. కొవ్వెక్కి పొగరు దిగాలని మా పొట్టేళ్ల వృషణాలు నలిపి విత్తు కొట్టేది ఆయనే.

"ఈయన బాగనే ఉన్నడు గద?"

"ఈయనకింక జాతర రాలె."

తొమ్మిదిన్నరకు వికారాబాద్‌లో దిగాం. పదకొండుకు మా పేరు పిలిచారు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మా ఆయన ఆమె వైపు చూడకుండా గోడ గడియారంతో మాట్లాడాడు.

"ఈ క్యాన్సర్‌కు మేత మగ హార్మోను. ఆ మేత ఆపాలి" అంది ఆమె. చిన్న ఆపరేషన్ చేసి వృషణాలు తీసేస్తే ఒక్కసారితో అయిపోతుంది, ఖర్చూ తక్కువ, కానీ వెనక్కి తీసుకోలేం. మూడు నెలల సూది అదే పని చేస్తుంది, కావాలంటే ఆపవచ్చు, కానీ తిరుగుడు తప్పదు. సూది మొదట్లో హార్మోనును ఎగదోస్తుంది కనుక కొన్ని రోజుల ముందే మాత్రలు మొదలుపెట్టాలి. ఉత్త మాత్రలతో సరిపెట్టుకుంటే ఈ దశలో బలం చాలదు, రొమ్ములు కూడా వాస్తాయి. ఆపరేషన్‌కైనా సూదికైనా ఇబ్బందులు ఇంచుమించు ఒకటే: ఆవిర్లు, నీరసం, ఎముకలు పలచబడటం, కోరిక తగ్గడం.

"కొవ్వెక్కుతదా?" గడియారాన్ని అడిగాడు మా ఆయన.

"ఎక్కొచ్చు. రోజూ నడవాలి."

"పొగరు దిగుతదా?"

"కొందరికి హుషారు తగ్గుతుంది."

"ఇగ జాతరకు తయారైనట్టే" అని లేచి బయటికి నడిచాడు.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "అమ్మా, ఇంకా ఆలస్యం చేస్తే ఎముకలు విరుగుతాయి. తర్వాత ఏ సూదీ నడిపించలేదు."

గేటు పక్క చాయ్ బండి దగ్గర దొరికాడు. రెండు చాయ్‌లు చెప్పి అడిగాను.

"నువ్వు విత్తు కొట్టినయన్నీ ఎట్ల సచ్చినయ్?"

"ఎట్లేంది? జాతరకు కోసినం."

"మరి విత్తు కొడ్తే సచ్చినయా, కూర వండుకుంటే సచ్చినయా?"

చాయ్ మీద కట్టిన మీగడను వేలితో తీసి పక్కన పడేశాడు.

"నన్నెవరు కొయ్యరు గద?"

"ఎవరు కోస్తరయ్యా? ఎంత ఉడకబెట్టినా ఉడకవు."

చాయ్ ఒక్క గుక్కలో తాగి లోపలికి నడిచాడు. ఈసారి గడియారాన్ని వదిలి డాక్టరమ్మనే చూశాడు. "సూదే ఇయ్యి బిడ్డా. కోతైతే ఒక్కపారికే అయిపాయె. సూదైతే మూణ్ణెల్లకోపారి ఈమె చాయ్ తాపిస్తది."

మాత్రలు ఆ రోజే మొదలు, సూది వచ్చే బుధవారం. చీటీలో మాత్రల వేళలు డాక్టరమ్మతోనే తెలుగులో రాయించుకోండి. మేం అలాగే చేశాం.

మూడూ నలభైకి తిరుగు రైలు. కిటికీ పక్కన కూర్చుని అడిగాడు: "నీకు గూడ ఆవిర్లొచ్చినయ్ గద, నడీడుల. అప్పుడేం జేస్తుంటివి?"

"తలుపు తీస్తుంటి. నువ్వు చలి అని మూస్తుంటివి."

దించి ఉన్న కిటికీ తలుపును పైకెత్తాడు. ఆవిర్లు ఇంకా రానేలేదు. ఇద్దరం వణుకుతూ కూర్చున్నాం.

తాండూరు దగ్గర పడుతుండగా అన్నాడు: "మీ తమ్మునికి ఫోన్ జెయ్యి. కొట్టంల ఉన్న విత్తు కొట్టిన పొట్టేలును జాతరకు అమ్మేది లేదని చెప్పు."

"మాటిచ్చినం గద?"

"వేరేది కొనుక్కోమను. కొయ్యకుంటే ఎన్నేండ్లు బతుకుతదో నాకు ఎర్కగావాలె."

ఏడింటికి ఇల్లు చేరాం. పొట్టేలు కొట్టంలో పడుకుని, మమ్మల్ని చూసి కూడా లేవకుండా నెమరు వేస్తూ ఉంది. ఆయన దాని ముందు గుప్పెడు మేత ఎక్కువ వేశాడు. అది పుట్టిన తేదీ నా దగ్గర రాసి ఉంది.