తలుపు దగ్గర విన్న మాట

గొడవలు ఆగిపోయాక మా ఊళ్ళో అందరికంటే ఎక్కువ పని దొరికింది వడ్రంగులకే. రైలుపట్టాలకి ఇవతలా అవతలా విరగని తలుపు లేదు. ఆ పనంతా ఒక ఆడపిల్ల నెత్తినేసుకుంది. వాళ్ళ నాన్న పేరున్న వడ్రంగి. షెడ్డు తగలబడిన రోజు నుంచి ఆయన చేతులు వణకడం మొదలుపెట్టాయి, ఉలి కూతురి చేతికి వచ్చింది. "అదే కొడుకైతే ఈపాటికి పని మానేసి జెండా పట్టుకు తిరిగేవాడు, బతికిపోయాను" అని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ పిల్లని మేమందరం వడ్రంగమ్మాయి అనేవాళ్ళం. మా ఇనప పని షెడ్డు వాళ్ళ పక్కనే. తలుపులకి మడతబందులు నా దగ్గరే చేయించేది. వంకర బందు ఇస్తే మొహమాటం లేకుండా వెనక్కి పంపేది.

ఊళ్ళో కుర్రకారు కలిసి ఒక సంఘం పెట్టారు. మనుషుల హక్కులు కాపాడాలి, రెండు వైపులా కలవాలి అని గోడల మీద రాసేవాళ్ళు. మీటింగు పెడితే మాత్రం ఇటువాళ్ళు ఇటు బెంచీల్లో, అటువాళ్ళు అటు బెంచీల్లో కూచుని, టీ తాగి లేచిపోయేవాళ్ళు. ఆ పిల్ల రెండు మీటింగులు చూసి విసిగిపోయింది.

"కూచోబెట్టి మాట్లాడమంటే ఎవరు మాట్లాడతారు? చేతికి పనివ్వండి" అంది.

తలుపు బిగించడానికి ఒక మనిషి చాలడు. బందులకి స్క్రూలు ఎక్కేదాకా ఎవరో ఒకరు ఎత్తి పట్టుకోవాలి. ఏమాత్రం కిందికి దిగినా రేపు నేలకి ఒరుస్తుంది. దానికి ఆమె ఒక పద్ధతి పెట్టింది. ఒక పక్కన ఆ ఇంటివాళ్ళే పట్టుకోవాలి. రెండో పక్క పట్టాలకి అవతలి నుంచి వచ్చిన మనిషి పట్టుకోవాలి. స్క్రూలు తను బిగిస్తుంది, నిదానంగా. ఆ నిదానం కావాలని చేసేదేనని నాకు చాలా తర్వాత తెలిసింది. ఒకే బరువు మోస్తూ ఎదురెదురుగా నిలబడ్డవాళ్ళు ఎంతసేపు ఊరుకుంటారు? "నీవైపు కాస్త ఎత్తు నాయనా" అని మొదలయ్యేది. ఈ తలుపు ఎలా విరిగింది, ఆ రోజు లోపల ఎవరున్నారు, ఎవరు తిరిగి రాలేదు అనేదాకా వెళ్ళేది.

పనిలో దిగేముందు ప్రతి ఇంట్లోనూ ఆమె ఒక మాట ఇచ్చేది. "ఇక్కడ విన్నది ఇక్కడే వదిలేసి పోతాం." ఆ మాట మీదే తలుపులు లేచాయి.

అవతలివైపు నుంచి రోజూ వచ్చే కుర్రాడు ఒకడున్నాడు. మాట బాగా వస్తుందని వాడికి మైకు అని పేరు పడింది. మాటకారే గాని పనిదొంగ కాదు. చిత్రిక పట్టడం ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. వాడు నున్న చేసిన చెక్క మీద అరచెయ్యి వేస్తే ఎక్కడా ఆగేది కాదు.

"నీ నోరొక్కటే నున్ననిదనుకున్నాన్రా" అనేది ఆమె.

"చెయ్యి నువ్విచ్చిందే కదక్కా. నోరంటావా, అది మా అమ్మది" అనేవాడు.

ఆమె తండ్రి ఎవరికీ ముట్టుకోనివ్వని తన పాత చిత్రికని వాడి చేతిలో పెట్టాడు. తోడబుట్టినవాడికంటే ఎక్కువగా చూసుకున్నారు వాడిని.

పట్టాల పక్క సందులో ఒక ముసలావిడ మిషను కుట్టుకుని బతికేది. గొడవల్లో ఆవిడ ఒక్కగానొక్క కొడుకుని ఇంట్లోంచి లాక్కుపోయారు. మళ్ళీ కనబడలేదు. ఆవిడ తలుపు బిగించే రోజు, ఒక పక్క ఆవిడ, రెండో పక్క మైకు. మధ్యలో నీళ్ళ ట్యాంకరు డ్రైవరు వచ్చి డ్రమ్ము నింపాడు. అవతలివైపు వాడే, కాని ఆ సందులోనే కాపురం. వెళ్తూ వెళ్తూ, "పిన్నీ, కొత్త తలుపు వచ్చిందని నన్ను బయట నిలబెట్టకు" అని నవ్వాడు.

"నిన్ను కాదు, నీ బురదకాళ్ళని నిలబెడతాను, పో" అంది ఆవిడ.

అతను వెళ్ళాక కాసేపటికి, తలుపు పట్టుకునే, గొంతు తగ్గించి చెప్పింది. "పాత తలుపు తన్నింది వాడే. టార్చీ వెలుతురు మొహాన పడింది, చూశాను. లోపలికి రాలేదు, గుమ్మంలో నిలబడిపోయాడు. నాకు తెలుసని వాడికి తెలీదు. తెలిస్తే మొహం చెల్లక మళ్ళీ ఈ ఛాయలకి రాడు. వాడు రావాలి. రోజూ నా నీళ్ళు మొయ్యాలి. ఏదో ఒకనాటికి వాడంతట వాడే నోరు విప్పుతాడు, నా బిడ్డని ఎక్కడికి తీసుకెళ్ళారో చెప్తాడు. అందుకే కాచుకుని ఉన్నాను."

వడ్రంగమ్మాయి చేతిలో స్క్రూ ఆగింది. మైకు ఏమీ అనలేదు. ఎప్పుడూ మాట్లాడేవాడు ఊరుకుంటే గౌరవం అనుకుంది ఆమె.

రెండు నెలల తర్వాత సంఘంవాళ్ళు స్కూలు హాల్లో పెద్ద సభ పెట్టారు. పట్నం నుంచి పెద్దమనుషులొచ్చారు. మైకు మాట్లాడుతూ మాట్లాడుతూ, "ఇప్పుడొక తల్లి గొంతు వినండి" అని ఫోను తీసి బొత్తాం నొక్కాడు. హాలంతా ఆ ముసలావిడ గొంతు. పేరు తీసేశాడు గాని టార్చీ వెలుతురుంది, నీళ్ళు మొయ్యడముంది. ఆ సందు జనమంతా ఒక్కసారి తల తిప్పారు. డ్రైవరు అక్కడే ఉన్నాడు, హాలు వెనక డ్రమ్ముల్లో నీళ్ళు పడుతూ.

"బాబాయ్, ఇలా స్టేజీ మీదికి రా, భయం లేదు" అన్నాడు మైకు.

అతను పైపు అక్కడే పడేసి వెళ్ళిపోయాడు. ఎవరో వెళ్ళి కట్టేసేదాకా నీళ్ళు పోతూనే ఉన్నాయి.

సభ అయ్యాక వడ్రంగమ్మాయి మైకుని షెడ్డు దగ్గర పట్టుకుంది. నేను కొలిమి దగ్గరే ఉన్నాను.

"జేబులో ఫోను పెట్టుకుని పట్టుకున్నావా తలుపు?"

"పేరు తీసేశాను కదక్కా."

"నీళ్ళు తీశావా? ఆవిడ గొంతు తీశావా?"

"నిజం బయటికి రావాలా వద్దా? ఆవిడ కొడుకు ఏమయ్యాడో ఎవడో ఒకడు చెప్పాలా వద్దా? నోరు మూసుకుంటూ పోతే మన పిల్లలు మళ్ళీ కొట్టుకుంటారు."

"చెప్పాలి. అడగాల్సింది ఆవిడ. ఎలా అడగాలో ఆవిడకి తెలుసు. నువ్వెవడివి? నన్నైనా అడిగావా?"

"అడిగితే వద్దంటావని తెలుసు. అందుకే అడగలేదు."

"రికార్డు చేసింది ఆవిడొక్కదానిదేనా?"

వాడు తల వంచుకున్నాడు. "మొదటి తలుపు నుంచీ అన్నీ."

"చెరిపెయ్."

"లాభం లేదక్కా. పట్నంలో ఆ పెద్దమనుషుల ఆఫీసుకి పంపేశాను. పుస్తకం వేస్తామన్నారు."

వాడు నిజాయితీగానే చేశాడని నేను ఇప్పటికీ అనుకుంటాను. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు. డ్రైవరు ఇంటికి తాళం పెట్టి పెళ్ళాం బిడ్డలతో ఎటో పోయాడు. అతనితోపాటే, ముసలావిడ కొడుకుని ఎక్కడికి తీసుకెళ్ళారన్నది కూడా పోయింది.

వడ్రంగమ్మాయి వెళ్ళేసరికి ముసలావిడ పంపు దగ్గర్నుంచి బిందె మోసుకొస్తోంది. అందుకోబోతే ఇవ్వలేదు.

"వాడు రికార్డు చేస్తున్నాడని నాకు తెలీదమ్మమ్మా."

"నీకు తెలీదని నాకూ తెలుసు" అంది ఆవిడ బిందె దించి. "కాని ఆ కుర్రాడెవడో నేనెరుగుదునా? నీ మొహం చూసి చెప్పానే నేను."

ముసలావిడే మళ్ళీ అడిగింది, "నాలాగా ఇంకెంతమంది చెప్పారు?"

"అందరూ."

"వాళ్ళకి తెలుసా?"

మర్నాడు వడ్రంగమ్మాయి పనిముట్లు లేకుండా బయల్దేరింది. "వాడు చేసినదానికి నువ్వెందుకే ఊరంతా తిరగడం?" అన్నాడు తండ్రి. "మాట ఇచ్చింది నేను నాన్నా" అంది. రెండు వైపులా, బిగించిన ప్రతి తలుపూ తట్టింది. నేను తోడొస్తానన్నా వద్దంది. ఒకచోట తిట్టారు. ఒకచోట నీ తలుపు నువ్వే పీక్కుపో అన్నారు. ఒకచోట అసలు తియ్యలేదు.

అవతలి వైపు చివరిల్లు ఒక బడి ప్యూనుది. గొడవల్లో తమ్ముణ్ణి తనే దాచిపెట్టి, భయపడి వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి తనే చూపించానని తలుపు ఎత్తి పట్టుకుని చెప్పుకున్న మనిషి. గుమ్మంలోనే నిలబడి ఆమె చెప్పిందంతా విన్నాడు.

"ఎవరెవరు విన్నారు?"

"తెలీదన్నా. పట్నానికి పోయింది. పుస్తకంలో వస్తుందంటున్నారు."

"నా పేరుతోనా?"

"పేరు తీసేస్తామంటున్నారు. తీసినా మీ వీధి పోల్చుకుంటుంది."

అతను ద్వారబంధం పట్టుకుని లోపలికి చూశాడు. తమ్ముడి భార్య ఆ ఇంట్లోనే ఉంటుంది. లోపల గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఆమెకి తెలీదు" అన్నాడు. "పుస్తకంలో చదువుకోనివ్వనా, ఇప్పుడే చెప్పనా?"

అతనే లోపలికి తిరిగి మరదల్ని పిలిచాడు. ఆవిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది.

"ఉండు, వెళ్ళకు" అన్నాడు వడ్రంగమ్మాయితో. "నేను మధ్యలో ఆగిపోతే మిగతాది నువ్వు చెప్పాలి."

ఆమె ఉంది.