ఫ్లేక్స్ మీద దానిమ్మ గింజలు

మీరందరూ రాసేవి చదవడమే కానీ ఈ గ్రూపులో నేనెప్పుడూ రాయలేదు. పొద్దుటి భయం ఇంకా వదల్లేదు. చెప్పుకుంటే తగ్గుతుందేమోనని రాస్తున్నాను.

మా వారికి షుగర్. డాక్టరు గారు రాగి ఫ్లేక్స్ తినమంటే, "అది టిఫినా, దాణానా?" అంటారు. అందుకని రోజూ పైన ఏదో ఒకటి కొత్తగా వేసి పెడతాను. ఒకరోజు పల్లీల పొడి, ఇంకోరోజు జామకాయ ముక్కలు. ఈ రోజు పెరుగు కలిపి, కరివేపాకుతో తాలింపు పెట్టి, పైన దానిమ్మ గింజలు చల్లాను. అదంతా అయ్యేసరికి ఆయన ఇన్సులిన్ వేసుకుని చాలాసేపైంది. ఆ సంగతే నాకు తట్టలేదు.

మా అత్తగారు పెట్టిన నియమం, మా ఇంట్లో ప్రార్థన కాకుండా ఎవరూ తిండి ముట్టరు. కళ్ళు మూసుకుని, గన్నవరం ఆడపడుచు మోకాళ్ళ నొప్పులతో సహా అన్నీ ప్రభువుకి చెప్పుకుంటున్నాను. స్పూను కింద పడిన చప్పుడైంది. కళ్ళు తెరిస్తే ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి.

"ఏవండీ! తినేయొచ్చు కదండీ!"

"నువ్వు ఆమెన్ అనందే ఎలా తింటానే?"

షుగర్ పడిపోయిందని అర్థమై గబగబా పంచదార నీళ్ళు తాగించాను. కాసేపటికి తేరుకుని, గిన్నె దగ్గరకు లాక్కుని, "దానిమ్మ బాగుందే" అన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

రేపటి నుంచి ప్రార్థన రెండు మాటల్లో ముగిద్దామనుకుంటున్నాను. ప్రభువు ఏమీ అనుకోడు, మా అత్తగారే అనుకుంటారు. మీ ఇళ్ళలో ఎలా చేస్తారో చెప్పండి. ఇది మాత్రం మీ దగ్గరే దాచుకోండి. పటమటలో ఉన్న మా అమ్మాయికి చూపించకండి, అది నాకంటే భయస్తురాలు.